తుపాకి తన్ను

త్రీ నాట్ త్రీ రైఫిలును మేము మొదటిసారి భుజమున కానించినది 1965వ సంవత్సరమున, కళాశాల ఎన్.సి.సి. శిబిరములో. ఊరికి దూరముగా ఒక గుట్ట వాలున గురిబల్లలు నిలిపి, ఒక్కొక్కరికి అయిదేసి తూటాలు పంచిరి. మాకు తుపాకి నేర్పిన సుబేదారుగారు మా జిల్లావారే. రెండవ ప్రపంచ యుద్ధమున ఉత్తరాఫ్రికా ఎడారిలో పోరాడి వచ్చినవారు. తూటాలు పంచుటకు ముందు ఆయన మా అందరి చేతులలో రెండేసి దూది ఉండలు పెట్టి, చెవులలో కుక్కుకొనుడని ఆజ్ఞాపించిరి. మాలో పలువురు ఆ దూదిని జేబులో వేసికొని చాటుగా నవ్వుకొంటిమి. మా భయమంతయు భుజమును గురించియే గాని చెవిని గురించి కాదు.

మా ప్రక్కన పరుండి పేల్చిన మిత్రుడొకడు తుపాకి మడమను గట్టిగా అదుముకొనక వదులుగా పట్టెను. మొదటి దెబ్బకే వాని భుజము కమిలెను. రెండవ తూటాకు వాడు కన్నులు మూసికొని మీట నొక్కెను. మూడవ దానికి మీట నొక్కక మునుపే భుజమును వెనుకకు లాగికొనెను. గురిబల్ల మీద ఒక్క గుండును తగులలేదు. నాటి సాయంకాలము ఇంటికి పోగా వాని తల్లి పసుపు, సున్నము కలిపి పట్టు వేసినదట. భుజమునకు పట్టు వేయవచ్చును గాని, మనస్సున నాటుకొనిన జంకునకు మందు లేదు. మరుసటి సంవత్సరము కూడ వాడు కన్నులు మూసికొనియే పేల్చెను. తన చేతిలోని ఆయుధమునకు తానే వెరచునట్టి ఈ అవస్థ మా మిత్రునితో మొదలైనది కాదు. దానిని పోగొట్టుటకు నూట ఎనుబది యేండ్లకు పైగా సాగిన యత్నములలో ఒకదాని కథ ఇక్కడ చెప్పదలచితిమి. తుపాకి గొట్టపు కొనకు తగిలించు ఆ సాధనమునకు మజిల్ బ్రేక్ అని పేరు.

తుపాకి తన్నుట ఎందువలన? గోదావరిలో చిన్న దోనెపై నిలిచి ఒడ్డునకు దుమికినవాడు దోనె వెనుకకు పోవుట చూచియే యుండును. 1687లో న్యూటను తన గ్రంథమున వ్రాసిన మూడవ సూత్రము ఇదియే. త్రీ నాట్ త్రీ గుండు బరువు 11 గ్రాములకు కొంచెము హెచ్చు. అది సెకనుకు సుమారు 740 మీటర్ల వేగముతో ముందుకు పోవును. నాలుగు కిలోల తుపాకి అందుకు ప్రతిగా వెనుకకు రావలెను. మేము లెక్క కట్టి చూడగా, ఆ తుపాకి సెకనుకు మూడు మీటర్లకు కొంచెము తక్కువ వేగముతో భుజమును తాకుచున్నది. నాలుగు కిలోల బరువు మూరెడు ఎత్తునుండి భుజముపై పడిన ఎట్లుండునో అట్లుండును. ఒకమారు పడిన ఓర్చుకొనవచ్చును. రోజంతయు పడుచుండిన భుజము వాచును.

ఇందు సామాన్యముగా ఎవరును తలపోయని విషయమొకటి కలదు. తుపాకి నుండి ముందుకు పోవునది గుండు మాత్రమే కాదు. మండిన మందు వాయువుగా మారి గుండు వెంబడి, గుండు కంటెను మిక్కిలి వేగముగా బయటికి దూకును. త్రీ నాట్ త్రీలో మందు రెండున్నర గ్రాములకు లోపే. అయినను దాని వేగము వలన మొత్తము తన్నులో ఇంచుమించు నాల్గవ వంతు ఆ వాయువుదే. గుండును వెనుకకు మళ్ళించుట ఎవరి తరమును కాదు. మళ్ళించిన తుపాకి ఎందుకు? కాని వాయువును మళ్ళింపవచ్చును. పరుగెత్తిపోవు పిల్లవాడు గుమ్మమును చేతితో పట్టుకొని గిరుక్కున ప్రక్కకు తిరిగినచో, వాని వడికి గుమ్మము ముందువైపునకు లాగబడును. అదే విధముగా గొట్టపు కొనయందు అడ్డు బిళ్ళలో, ప్రక్క రంధ్రములో ఏర్పరచినచో, వెలువడు వాయువు వానిని తాకి ప్రక్కకు మళ్ళుచు తుపాకిని ముందునకు లాగును. వెనుకకు వచ్చు తన్నులో ఆ మేరకు తరుగును. మజిల్ బ్రేకు మర్మమంతయు ఇంతియే.

పూర్వపు నల్లమందు తుపాకుల కాలమున ఈ ఉపాయము ఎవరికిని తట్టకపోవుటలో వింత లేదు. ఆంగ్లేయుల సేన 1871లో చేపట్టిన మార్టిని హెన్రీ రైఫిలు గుండు 31 గ్రాములది. త్రీ నాట్ త్రీ గుండునకు దాదాపు మూడింతలు. 1879లో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ అనుచోట గుప్పెడు సైనికులు రాత్రి తెల్లవార్లు జూలూ వీరులను ఎదిర్చి పోరాడిరి. తెల్లవారుసరికి వారి కుడి భుజములు కమిలిపోయి ఆనించుటకు వీలులేక, ఎడమ భుజమునకు మార్చుకొని పేల్చినవారు కలరు. శత్రువు తాకని చోట తన తుపాకియే తాకినది.

1884లో ఫ్రాన్సు దేశమున పాల్ వియే పొగలేని మందును కనిపెట్టుటతో తుపాకి రూపమే మారెను. సన్నని గొట్టము, తేలికైన గుండు, హెచ్చు వేగము వచ్చెను. తలుపు గడియను లేపి వెనుకకు లాగినట్లు బోల్టును లేపి లాగి, ఖాళీ తూటాను పడవైచి, క్రొత్తదానిని నెట్టి బిగించు రైఫిళ్ళు ప్రపంచమంతటను వ్యాపించెను. జర్మనుల మౌజరు 1898 నాటిది. మన పోలీసు ఠాణాలలో దశాబ్దములు కనుపించిన లీ ఎన్ఫీల్డు వంశము 1895లో మొదలైనది. వీనిలో తనంతట తాను కదలు స్ప్రింగు గాని, పిస్టను గాని లేదు. గడియ బిగిసి యుండును గనుక తన్ను ఏ మధ్యవర్తియు లేక నేరుగా భుజమునకు చేరును. అయినను గుండు తేలికయగుట వలన ఆ తన్ను మార్టిని నాటి దానికంటె ఎంతో తగ్గెను. సైనికులు ఊపిరి పీల్చుకొనిరి. ఇంజనీర్లును ఈ విషయమును మరచిరి.

ఫిరంగుల వారు మాత్రము అంతకు మునుపే ఈ దారి పట్టియుండిరి. త్రొయ్ ద బోల్యో అను ఫ్రెంచి సేనాధికారి 1842లోనే ఫిరంగి గొట్టపు కొనయందు వెనుకకు వాలిన రంధ్రములు తొలిపించెను. మజిల్ బ్రేకునకు ఆద్యుడు అతడే యని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని ఫిరంగికి భుజము లేదు, చక్రములు కలవు. అది వెనుకకు దొర్లినను మరల త్రోసికొనవచ్చును. 1897లో అదే ఫ్రెంచివారు తమ ప్రసిద్ధమైన 75 మిల్లీమీటర్ల ఫిరంగికి నూనెతోను గాలితోను పనిచేయు మెత్తని యంత్రమును కుదిర్చిరి. గొట్టము ఒక్కటియే వెనుకకు జారి తిరిగి స్వస్థానమునకు వచ్చుచుండగా బండి కదలక నిలిచెను. ఆ మీదట రంధ్రముల మాట కొంతకాలము మూలబడెను.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధభూమిలో ఆంగ్లేయుల టాంకులు మొట్టమొదటిసారి కదలివచ్చెను. మామూలు రైఫిలు గుండు ఆ ఇనుపరేకును భేదింపజాలదు. జర్మనులు తొందరపడి 1918 నాటికి ఓబర్న్డార్ఫులోని మౌజరు కర్మాగారమున ఒక విపరీతమైన బోల్టు రైఫిలును చేయించిరి. దాని పేరు టాంక్ గెవేర్, అనగా టాంకు తుపాకి. గొట్టపు బెజ్జము 13 మిల్లీమీటర్లకు మించినది; గుండు 50 గ్రాములకు పైబడినది; తూకము ఆసరా కాళ్ళతో కలిపి 17, 18 కిలోలు. మామూలు రైఫిలునే పెద్దదిగా సాగదీసినట్లుండును. మడమకు మెత్త లేదు, లోపల స్ప్రింగు లేదు, కొనయందు బ్రేకు లేదు. మా లెక్క ప్రకారము దాని తన్ను త్రీ నాట్ త్రీ తన్నునకు అయిదారింతలు. ఈ తుపాకిని ఎవడైనను రెండుసార్లు మాత్రమే పేల్చగలడు, కుడి భుజముతో ఒకసారి, ఎడమ భుజముతో ఒకసారి యని జర్మను సైనికులలో హాస్యోక్తి పుట్టెను. మా మిత్రుడు త్రీ నాట్ త్రీకే కన్నులు మూసికొనెను గదా. ఎదుట కదలివచ్చు టాంకును చూచుచు ఈ తుపాకి మీట నొక్కవలసిన వాని అవస్థ మనము ఊహించుకొనవచ్చును. ఆ రైఫిలు చేసినవారు ఇనుపరేకు మందమును లెక్కించిరి గాని మనుష్యుని ఎముక మందమును లెక్కింపలేదు.

ఈ లెక్కను మొట్టమొదట సరిగా వేసినవారు పోలండు దేశీయులని మా అభిప్రాయము. యూజెఫ్ మరోషెక్ అను యువ ఇంజనీరు రూపొందించిన రైఫిలును ఆ ప్రభుత్వము 1935 నమూనాగా స్వీకరించెను. మరోషెక్ జర్మనులవలె గుండును పెద్దది చేయలేదు. మామూలు రైఫిలు గుండంత సన్నని గుండునే తీసికొని, దాని వెనుక పది గ్రాముల మందు కూర్చెను. త్రీ నాట్ త్రీ మందుకు ఇది నాలుగింతలు. గుండు సెకనుకు 1,275 మీటర్ల వేగముతో వెడలెను. అంత వేగముతో తాకిన గుండు రేకును తొలుచుకొని పోవుటకు బదులు దానిపై చితికి, ఆ విసురునకు రేకులోని ముక్కను బిళ్ళవలె లోపలికి ఊడగొట్టును. గుండు కంటె పెద్ద బెజ్జము పడును.

ఈ రైఫిలులో మందు పాలు ఎక్కువ గనుక తన్నులో వాయువు వాటా కూడ ఎక్కువ; మా అంచనాలో అది సగమునకు చేరువగా నుండును. వాయువు వాటా ఎంత ఎక్కువయో బ్రేకు చేయగల పనియు అంత ఎక్కువ. గొట్టపు కొనకు మరోషెక్ తగిలించిన బ్రేకు తన్నును మూడింట రెండు వంతుల వరకు మ్రింగెను. పది కిలోలకు మించని ఆ రైఫిలు భుజమునకు మామూలు మౌజరు వలెనే తోచెను. ఏ యంత్రమును, స్ప్రింగును లేకయే ఒక్క సైనికుడు మోసికొనిపోయి, పరుండి పేల్చి, లేచి పరుగెత్తదగిన ఆయుధమది. దానికి వెల చెల్లింపవలసినది గొట్టము. ఆ వేడికిని ఒత్తిడికిని అది మూడు వందల తూటాలకే అరిగిపోయెడిది. అందువలన రైఫిలుతో పాటు మార్చుకొనుటకు వేరు గొట్టములు కూడ ఇచ్చెడివారు.

ఇంత చేసియు పోలండు వారు దానిని అతిరహస్యముగా దాచిరి. ఉరుగ్వే దేశమునకు ఎగుమతి చేయు సరకని నమ్మించుటకు దానికి ఊర్ అను మారుపేరు పెట్టిరి. పెట్టెలలో వేసి ముద్రవేసి, తెరవరాదని పైన వ్రాసి దళములకు పంపిరి. యుద్ధము ముంగిట నిలిచిన 1939 వేసవిలో గాని ఆ పెట్టెలు తెరువబడలేదు. పేల్చవలసినవానికి అభ్యాసమునకు మిగిలినవి కొద్ది వారములు. సెప్టెంబరు 1న మొక్రా గ్రామము వద్ద వొలీనియా అశ్వికదళము జర్మనుల నాల్గవ పాంజరు డివిజనును ఒక దినమంతయు నిలువరించినపుడు, చిన్న ఫిరంగులకు తోడుగా ఈ రైఫిళ్ళును పనిచేసెను. నాటి జర్మను టాంకులలో అనేకములకు రేకు మందము 15 మిల్లీమీటర్లకు మించలేదు. ఈ గుండుకు అది లొంగెడిది. పోలండు ఓడిపోయిన పిదప జర్మనులు ఈ తుపాకులను పోగుచేసి తమ సేనలో వాడుకొనిరి, ఇటలీకిని కొన్ని ఇచ్చిరి. శత్రువు చేతికి చిక్కిన పిదపనే లోకమునకు పరిచయమైన ఆయుధము ఇది.

ఆంగ్లేయుల దారి వేరు. కెప్టెన్ బాయ్స్ అను అధికారి ఎన్ఫీల్డులో రూపొందించిన టాంకు రైఫిలునకు మొదట వేరొక పేరుండెను. 1937 నవంబరులో అది ఆమోదము పొందుటకు కొలది దినముల ముందు ఆయన మరణింపగా ఆయన పేరే దానికి పెట్టిరి. గొట్టపు బెజ్జము దాదాపు 14 మిల్లీమీటర్లు. తూకము 16 కిలోలు. నిడివి నిలువెత్తు మనిషికి కొంచెము తక్కువ. బాయ్స్ తన్నును తగ్గించుటకు మూడు ఉపాయములను ఒక్కచోట చేర్చెను. గొట్టము వెనుకకు జారి స్ప్రింగు మీద ఆగును. మడమకు దట్టమైన మెత్త కలదు. కొనయందు గుండ్రని బిళ్ళవంటి బ్రేకు కలదు. తరువాత కెనడాలో తయారైన వానికి, నోటితో ఊదు హార్మోనికా వలె ప్రక్కల బెజ్జములు గల బ్రేకు పెట్టిరి. ఇన్ని చేసినను అది తన్నుటలో పేరుపొందిన తుపాకియే. గుండు పెద్దది, వేగము మితము గనుక తన్నులో గుండు వాటాయే అధికము. బ్రేకునకు చిక్కునది తక్కువ.

మా సుబేదారుగారు ఆ తుపాకిని ఎడారిలో పేల్చి చూచినవారు. దానిని గురించి అడిగితిమేని ఆయన భుజమును తడవికొనరు. ఎడమ చెవిని తడవికొనెడివారు. "తన్నునకు మెడ పట్టివేసెడిది, రెండు దినములకు పోయెడిది. పేల్చినప్పుడు లేచిన ఇసుక దుమారమునకు మేమెక్కడ ఉన్నామో శత్రువునకు తెలిసిపోయెడిది. ఆ మ్రోత మాత్రము ఇంకను చెవిలోనే ఉన్నది నాయనా" అనిరి. శిబిరములో రాత్రి వార్తలు వచ్చు వేళకు అందరికంటె ముందు ఆయన వచ్చి, కుడి చెవి రేడియో వైపునకు ఉండునట్లు కుర్చీ వేసికొనుటకు కారణము మాకు ఆనాడు బోధపడెను.

ఈ తుపాకికి సైనికులలో వచ్చిన అపకీర్తిని పోగొట్టుటకు కెనడావారు 1942లో ఒక విచిత్రమైన పని చేసిరి. మిక్కీ మౌసును సృజించిన వాల్ట్ డిస్నీ సంస్థ చేత బాయ్స్ రైఫిలును గురించి ఒక శిక్షణ చిత్రమును తీయించిరి. మొదట హిట్లరును ఎగతాళి చేయు బొమ్మల కథ. పిదప ఆ తుపాకిని ఎట్లు పట్టవలెను, ఎట్లు శుభ్రపరచవలెను అను పాఠము. వినోదము చూపి మందు మ్రింగించుట తల్లులందరికిని తెలిసిన యుక్తియే. అయితే అప్పటికే టాంకుల రేకు మందమెక్కి, ఏ రైఫిలు గుండునకును లొంగని స్థితికి వచ్చియుండెను. 1943లో పియాట్ అను వేరొక ఆయుధము రాగా బాయ్స్ మూలబడెను.

కొనయందు ఏదో తగిలించినంత మాత్రమున అది బ్రేకు కాదనుటకు మంచి నిదర్శనము త్రీ నాట్ త్రీ వంశములోనే కలదు. బర్మా, మలయా అడవులలో పోరుటకై 1944లో ఆంగ్లేయులు లీ ఎన్ఫీల్డును కురుచచేసి, అక్కడక్కడ లోహమును చెక్కివేసి, మూడు కిలోలకు కొంచెము పైబడిన తేలిక తుపాకిగా చేసిరి. జంగిల్ కార్బైన్ అని దానిని పిలిచెదరు. గొట్టము పొట్టిదగుటచే మండుచున్న మందు మంటగా బయటికి వచ్చి రాత్రివేళ కన్నులు మిరుమిట్లు గొలుపును. దానిని మరుగుపరచుటకు కొనయందు గరాటు వంటిదానిని అమర్చిరి. చూచువారు దానినే బ్రేకనుకొందురు. కాని గరాటు వాయువును ముందునకే పంపును, ప్రక్కకు మళ్ళింపదు. తన్నును తగ్గింపదు సరికదా, వీలైన ఒకింత పెంచును. తుపాకి తేలికయైన కొలది తన్ను పెరుగును గదా. దానికి తోడు మడమకు వేసిన రబ్బరు మెత్త ఇరుకైనది. ఆ దెబ్బయంతయు భుజములో ఒక్కచోటనే పడెడిది. గురి నిలకడగా ఉండదను ఆక్షేపణయు పుట్టెను. 1947తో దాని తయారీ ఆగిపోయెను. మోయుటకు హాయి, పేల్చుటకు బాధ.

బ్రేకు వాయువును ప్రక్కకు, కొంత వెనుకకు మళ్ళించునని చెప్పితిమి. వాయువుతో పాటు మ్రోతయు మళ్ళును. మామూలు రైఫిలు మ్రోత పేల్చువాని చెవి వద్ద 160 డెసిబెలుల ప్రాంతమున నుండును. 140 దాటిన మ్రోత ఒక్కసారి తాకినను చెవికి హాని కలుగవచ్చునని వైద్యులు చెప్పుదురు. బ్రేకు తగిలించిన అది మరి అయిదు మొదలు పది డెసిబెలుల వరకు పెరుగును. డెసిబెలులు కూడికవలె కాక హెచ్చవేతవలె పెరుగును. ఆరు డెసిబెలులు హెచ్చినచో చెవిని తాకు ఒత్తిడి రెండింతలయినట్లు. లోపలి చెవిలో నూలుపోగు కంటె సన్నని రోమకణములు కలవు. అవి ఒకమారు చచ్చిన మనుష్యునికి తిరిగి మొలవవు. భుజమున కమిలిన చర్మము వారమునకు మానును. పేల్చువాని కంటె ప్రక్కన పరుండినవాని గతి మరింత కష్టము. తన్ను తగ్గిన సుఖము పేల్చువానిది, మ్రోత పెరిగిన దుఃఖము ఇరువురిది. కుడి భుజమున ఆనించి పేల్చువాని ఎడమ చెవి గొట్టపు కొనకు దగ్గరగా నుండును గనుక మొదట చెడునది అదియే. సుబేదారుగారి చెవి కథ ఇదియే.

ఈ సందర్భమున ఒక తండ్రీకొడుకుల ప్రసక్తి తేక తప్పదు. అమెరికాలోని మేన్ రాష్ట్రమున 1840లో పుట్టిన హైరం మాక్సిం చిన్ననాడు తుపాకి తన్నునకు వెల్లకిల పడెననియు, ఆ బలము వృథా పోవుచున్నదే యని చింతించెననియు చెప్పుదురు. 1884లో ఆయన లండనులో ఆ తన్నునే పనికి పెట్టి, తూటా తనంతట తానే మారునట్టి మర తుపాకిని నిర్మించెను. ఆ తుపాకి వలన ప్రపంచమున పోయిన ప్రాణముల సంగతి వేరు గ్రంథము కాగలదు. ఆయనకు మాత్రము కీర్తియు, ధనమును, సర్ బిరుదమును, వానితో పాటు చెవుడును వచ్చెను. ఏండ్ల తరబడి తన తుపాకుల ప్రక్కన నిలిచి పరీక్షించిన ఫలమది.

ఆయన కుమారుడు హైరం పెర్సీ మాక్సిం. నీటితొట్టి ఖాళీ చేయునపుడు నీరు సుడి తిరుగుచు చప్పుడు లేక దిగిపోవుట చూచి, వాయువును కూడ అట్లే సుడి త్రిప్పి నెమ్మదిగా వదలినచో మ్రోత అణగును గదా యని ఆయనకు తోచినదట. 1909లో ఆయన సైలెన్సరునకు పేటెంటు పొందెను. ఇది బ్రేకునకు అక్క వరుసది. గొట్టపు కొననే అమరును, వాయువునే పట్టుకొనును. కాని బయటికి విసరివేయక లోపల గదులలో త్రిప్పి చల్లార్చి విడుచును. అందువలన తన్ను తగ్గును, మ్రోతయు తగ్గును. దొంగలు, హంతకులు వాడుదురను భయముచే అమెరికా ప్రభుత్వము 1934లో దానిపై 200 డాలర్ల పన్ను విధించెను. ఆనాటికి అది తుపాకి వెల కంటె హెచ్చు. ఫిన్లాండు, నార్వేలలో అట్టి భయము కలుగలేదు. అచ్చటి వేటగాండ్రకు అది సామాన్యమైన పనిముట్టు. ఈ పెర్సీ మాక్సిమే 1914లో హార్ట్‌ఫర్డు నగరమున అమెరికన్ రేడియో రిలే లీగ్ అను ఔత్సాహికుల సంఘమును స్థాపించెను. ఇంట కూర్చుండి వైర్లెస్సుతో దూరదేశములవారిని పలుకరించు హామ్ రేడియో వారందరికిని ఆయన పెద్దదిక్కు. చెవుడు వచ్చిన తండ్రికి కొడుకైనవాడు చప్పుడును అణచుటకును, సన్నని పిలుపును వినుటకును పాటుపడెను.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి చట్టము మీదట వేట నిషిద్ధము గనుక వేట రైఫిలునకు ఏ బ్రేకు తగునను విచారము మనకు లేదు. అమెరికాలోను ఐరోపాలోను మాత్రము బోల్టు రైఫిలు కొన్నవారికి ఇది నేటికిని ఎడతెగని చర్చ. వారి చర్చలో యుద్ధముల నాటి పాఠములే మరల వినవచ్చును. మందు పాలు హెచ్చుగా నుండు మాగ్నం తూటాలకు బ్రేకు తగిలించిన తన్ను సగమునకు సగము తగ్గవచ్చును. మందు కొంచెమే యుండు చిన్న తూటాకు తగిలించిన మ్రోత తప్ప మిగులునది లేదు. చుట్టును బెజ్జములు గల బ్రేకుతో నేలపై పరుండి పేల్చినవాని కంట దుమ్ము పడును గనుక, అట్టివాడు అడుగున బెజ్జములు లేని, ప్రక్కలకు మాత్రమే తెరచిన దానిని ఎన్నుకొనవలెను. బ్రేకు లోపలి మార్గము గొట్టముతో వెండ్రుకవాసి తేడా లేక ఒకే వరుసలో నుండవలెను. లేనిచో గుండు దాని అంచును ఒరసికొని గురియే తప్పును. కొనయందు బరువు చేరుటచే గుండు తగులు చోటు మారును గనుక గురి మరల సరిచూచుకొనవలెను. తుపాకిని కొంచెము బరువైనదిగా తీసికొని, మంచి రబ్బరు మెత్త వేసికొన్న చాలునని వాదించువారు కలరు. వారి మాటయు త్రోసివేయదగినది కాదు. బ్రేకు తుపాకి తెచ్చినవానిని వరుస చివరకు పొమ్మను అభ్యాస మైదానములును కలవు.

మా త్రీ నాట్ త్రీకి బ్రేకు లేకుండెను. శిబిరము ముగియు నాడు చివరి అయిదు తూటాలు పేల్చుటకు మేము పరుండినపుడు సుబేదారుగారు వరుస వెంబడి నడచుచు, ఒక్కొక్కని చెవిని వ్రేలితో తడవి చూచిరి. దూది లేనివాని చేతి నుండి తూటాలు తిరిగి తీసికొనిరి.